కారు మీద కారు నిలబెట్టే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది, ఫోటోలు కూడా చూశాను. పాత కారు అమ్మబుద్ధి కాదు, కొత్తదాన్ని ఎండకూ వానకూ వదిలేయబుద్ధి కాదు, గ్యారేజీ చూస్తే ఒక్కదానికే చోటు. అందుకని స్టోరేజ్ లిఫ్ట్ పెట్టి ఒకదాని మీద ఒకటి నిలుపుతానంటున్నావు. నీ ఆలోచన నాకు నచ్చింది. కానీ "ఏ కంపెనీది కొనమంటావు మామయ్యా" అని మొదటి వాక్యంలోనే అడిగావు చూడు, అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఈ లిఫ్టులు బిగించే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. లిఫ్ట్ మంచిది కాదని బాధపడ్డవాళ్ళకంటే, మంచి లిఫ్టే కొని అది గ్యారేజీలో ఇమడక బాధపడ్డవాళ్ళనే ఎక్కువగా చూశాను. కాబట్టి ఇంకా అడ్వాన్స్ కట్టకపోతే కట్టకు. కట్టేసి ఉంటే డెలివరీ వాయిదా వేయించు. ముందు టేపు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళు.

ఏ రకం లిఫ్ట్ అన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకుందాం, కొలతలన్నీ దాన్ని బట్టే మారతాయి కాబట్టి. కారును నెలల తరబడి పైన ఉంచడానికి నాలుగు స్తంభాల లిఫ్టే సరైనది. అందులో కారు తన చక్రాల మీద తాను నిలబడి ఉంటుంది, నేల మీద ఉన్నట్టే. రెండు స్తంభాలది మెకానిక్ పనికి పుట్టింది. అది కారును అడుగున చేతులు పెట్టి ఎత్తుతుంది. చక్రాలు గాల్లో వేలాడతాయి, సస్పెన్షన్ సాగిపోయి ఉంటుంది, బరువంతా స్తంభాల అడుగున ఉండే రెండు ఇనుప పలకల (బేస్ ప్లేట్ల) మీదే పడుతుంది కాబట్టి నేల మరింత గట్టిగా ఉండాలి. బ్రేకు పని, చక్రాల పని నువ్వే చేసుకోవాలని ఉంటే అది వేరే కథ. నిల్వ కోసమే అయితే దాని జోలికి వెళ్ళకు. ఒంటి స్తంభంవీ, కారును వాలుగా ఎత్తేవీ, గోతిలోకి దింపేవీ కూడా ఉన్నాయి. నాలుగు స్తంభాలది ఇక ఎలాగూ కుదరదని తేలాక వాటి సంగతి మాట్లాడుకుందాం.

అసలు పేచీ ఎత్తు దగ్గరే. పొడవు చాలకపోతే ర్యాంపులు తీసి పక్కన పెట్టుకోవచ్చు. వెడల్పు చాలకపోతే కాస్త ఒదిగి దిగొచ్చు. ఎత్తు చాలకపోతే కప్పు లేపడం తప్ప దారి లేదు. లెక్క కష్టమేమీ కాదు. కింది కారు ఎత్తు, దానికీ లిఫ్టుకీ మధ్య ఖాళీ, రన్‌వే మందం, పై కారు ఎత్తు, దానికీ సీలింగుకీ మధ్య ఖాళీ, ఈ ఐదూ కూడాలి. రన్‌వేలంటే చక్రాలు నిలబడే రెండు పొడవాటి ఇనుప పట్టాలు. వాటి మందం మామూలుగా 4 నుంచి 6 అంగుళాలు ఉంటుంది.

అంకెలు వేసి చూద్దాం. కింద 65 అంగుళాల ఎస్‌యూవీ, 3 అంగుళాల ఖాళీ, 5 అంగుళాల రన్‌వే, పైన 57 అంగుళాల సెడాన్, దానిపైన 4 అంగుళాల ఖాళీ. మొత్తం 134 అంగుళాలు, అంటే 11 అడుగుల 2 అంగుళాలు. రెండూ 57 అంగుళాల సెడాన్లే అయితే 126, అంటే పదిన్నర అడుగులు. రెండూ 50 అంగుళాల ఎత్తున్న స్పోర్ట్స్ కార్లయితే 112 అంగుళాలు, 9 అడుగుల 4 అంగుళాలతో గట్టెక్కుతావు. ఎనిమిది అడుగుల సీలింగ్ కింద మామూలు కార్లు రెండు పట్టవు, అమ్మేవాడు ఎంత ధైర్యం చెప్పినా సరే.

కార్ల ఎత్తు బ్రోచర్ చూసి రాసుకోకు. పైన రూఫ్ రెయిల్స్ ఉన్నాయా, షార్క్ ఫిన్ యాంటెనా ఉందా, టైర్లు మార్చావా, వీటన్నిటితో ఒకటి రెండు అంగుళాలు మారిపోతాయి. ఇలా చెయ్యి. కారు పైకప్పు మీద మెత్తటి గుడ్డ పరిచి, అన్నిటికంటే ఎత్తైన చోట తిన్నని కర్ర ఒకటి అడ్డంగా పెట్టు. రసమట్టం పెట్టి సరిచూసి, కర్ర అడుగు అంచు నుంచి నేలదాకా కొలువు. టైర్లలో గాలి మామూలుగా ఉండే ప్రెషర్లోనే ఉండాలి. కారు ఖాళీగా ఉండాలి, డిక్కీలో సామాన్లుంటే వెనకభాగం కిందికి దిగి లెక్క తప్పుతుంది. యాంటెనా విడిగా కొలిచి రాసుకో, అవసరమైతే పైకారుది విప్పి పెట్టుకోవచ్చు.

సీలింగును కూడా ఒక్కచోట కొలిచి ఊరుకోకు. గ్యారేజీ నేల మామూలుగా తలుపు వైపు వాలుగా ఉంటుంది, నీళ్ళు బయటికి పోవడానికి. పైన సీలింగ్ సమంగా ఉంటే వెనక గోడ దగ్గర ఒక ఎత్తు, తలుపు దగ్గర ఇంకో ఎత్తు వస్తుంది. నాలుగు మూలలా, మధ్యలోనూ కొలువు. ఆ తర్వాత సీలింగ్ నుంచి కిందికి దిగిన వాటన్నిటినీ కొలువు: దూలం, ట్యూబ్ లైటు, ఫ్యాను, పైపులు, ఫైర్ స్ప్రింక్లర్ ఉంటే అది. లైట్లూ ఫ్యాన్లూ జరుపుకోవచ్చు. దూలం జరగదు. కాబట్టి దాని అడుగు నుంచి నేలదాకా ఎంతో ఆ అంకెను పెద్దగా రాసి పెట్టుకో.

కేటలాగుల మొదటి పేజీలో కనపడని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. లిఫ్ట్ నీకు ఇష్టమైన చోట ఆగి నిలబడదు. ప్రతి స్తంభం లోపలా వరసగా లాక్ గాట్లు ఉంటాయి, చాలా మోడళ్ళలో సుమారు 4 అంగుళాలకొకటి. పైకి వెళ్తుంటే ఒక్కో గాటు దాటినప్పుడల్లా లాక్ పడ్డ చప్పుడు నాలుగు మూలల నుంచీ టక్కుమని వినిపిస్తుంది. కావలసిన గాటు దాటాక మోటారు ఆపి, మీట నొక్కి కాస్త కిందికి దింపితే లిఫ్ట్ బరువంతా ఆ లాకుల మీద కూర్చుంటుంది. నిల్వ ఉంచిన కారు ఎప్పుడూ అలాగే ఉండాలి. నూనె ప్రెషర్ మీదా కేబుళ్ళ మీదా వేలాడుతూ రాత్రంతా వదిలేయకూడదు, ఇందులో మినహాయింపు లేదు. మళ్ళీ దింపాలన్నా ముందు కాస్త పైకి లేపితేనే లాకులు విడతాయి. అంటే పై కారు నిలబడే ఎత్తుకంటే ఒకటి రెండు అంగుళాలు పైకి వెళ్ళి రావడానికి చోటు ఉండాలి. నేను పైన రాసిన 4 అంగుళాల్లో అది కూడా ఉంది. దాన్ని 1 అంగుళానికి కుదించి "పట్టేస్తుంది" అనుకుంటే, మొదటిసారి లాక్ వేసేటప్పుడే పైకారు సీలింగుకు తగులుతుంది.

గాట్ల వల్ల ఇంకో చిక్కుంది. నీ ఎస్‌యూవీకి రన్‌వే అడుగున 68 అంగుళాలు కావాలనుకో. ఆ మోడల్లో గాట్లు 66 దగ్గరా 70 దగ్గరా ఉంటే, 70 దగ్గరే నిలపాలి. రెండు అంగుళాలు ఊరికే పోయినట్టు. అందుకని కంపెనీవాళ్ళను "ఎంత ఎత్తు లేస్తుంది" అని అడిగి ఊరుకోకు. ఒక్కో లాక్ దగ్గర రన్‌వే అడుగున ఎంత ఖాళీ వస్తుందో పట్టిక పంపమను. మంచి కంపెనీ అయితే డ్రాయింగుతో సహా పంపుతుంది. ఇవ్వలేనివాడి దగ్గర కొనకు.

ఇక తలుపు. నీ ఫోటోలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. నీది ముక్కలు ముక్కలుగా మడిచి పైకి జారే తలుపు. తెరిస్తే సీలింగ్ కింద పట్టాల మీద అడ్డంగా పడుకుంటుంది. అలా పడుకున్నప్పుడు నేల నుంచి ఏడు, ఏడున్నర అడుగుల ఎత్తులోనే ఉంటుంది, సీలింగ్ పదకొండు అడుగులున్నా సరే. పైకారు చక్రాలే ఆరడుగుల పైన ఉంటాయి. అంటే తలుపు తెరవగానే అది నేరుగా పైకారు వెనకభాగంలోకి వస్తుంది. సీలింగ్ ఎత్తు చూసుకుని సంబరపడి, తలుపు సంగతి మరిచిపోయేవాళ్ళు ఎంతమందో.

దీనికి పరిష్కారం ఉంది. హై లిఫ్ట్ ట్రాక్ అంటారు. తలుపు ముందు గోడ వెంబడి నిలువుగా పైదాకా వెళ్ళి, సీలింగ్ దగ్గర మలుపు తిరుగుతుంది. దానికోసం పట్టాలు, కేబుల్ డ్రమ్ములు మార్చాలి, చాలాసార్లు స్ప్రింగులు కూడా. సీలింగ్ మధ్యలో వేలాడే మోటారు తీసేసి, తలుపు పక్కన షాఫ్టుకు తగిలించే మోటారు పెట్టాలి. ఈ పని తలుపుల టెక్నీషియన్‌తోనే చేయించు. తలుపు పైన ఉండి దాని బరువును మోసే ఆ మెలితిరిగిన టార్షన్ స్ప్రింగులు విపరీతమైన బిగువులో ఉంటాయి. తెలియనివాళ్ళు విప్పబోతే చేతులు విరిగిపోతాయి, ప్రాణాల మీదికి కూడా వస్తుంది. నువ్వు పనిమంతుడివే, నాకు తెలుసు. అయినా దాన్ని ముట్టుకోనని నాకు మాటివ్వు.

పట్టాలు మార్చాక కూడా తలుపు సీలింగ్ కింద ఒక అడుగు దాకా తీసుకుంటుంది. అక్కడ ఒక ఉపాయం పనికొస్తుంది. కారు అంతటా ఒకే ఎత్తులో ఉండదు కదా. పైకారును రివర్సులో ఎక్కించావనుకో, బానెట్ తలుపు వైపు ఉంటుంది. పై లెక్క ప్రకారం రన్‌వే పైభాగం 73 అంగుళాల దగ్గర ఉంటే, 38 అంగుళాల బానెట్ 111 దగ్గర ఆగుతుంది. తలుపు 120 దగ్గర పడుకుంటే దాని కింద బానెట్ హాయిగా ఇముడుతుంది. పైకప్పు ఉన్న మధ్యభాగం మాత్రం తలుపు అంచు దాటి లోపల ఉండాలి. కాబట్టి తలుపు పూర్తిగా తెరిచి, దాని లోపలి అంచు నేల మీద ఎక్కడికి వస్తుందో దారానికి బరువు కట్టి వేలాడదీసి చూడు. ఆ చోట సుద్దముక్కతో గీత గియ్యి. ఆ గీతకు ఇటు బానెట్, అటు పైకప్పు. గ్యారేజీ మొత్తంలో నీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే గీత అదే. తలుపు కదిలేటప్పుడు మలుపు దగ్గర కాస్త లోపలికి ఉబ్బుతుంది, దానికీ చోటు వదులు. చుట్ట చుట్టుకునే రోలింగ్ షట్టర్‌కైతే ఈ బాధ లేదు, ద్వారం పైన డ్రమ్ము పెట్టె ఎంత ముందుకొచ్చిందో చూసుకుంటే చాలు. పక్కలకు తెరుచుకునే తలుపులకు అదీ లేదు.

సీలింగ్ రెండు మూడు అంగుళాలు తక్కువ పడిందనీ, పైన వాలు కప్పే కాబట్టి అడ్డంగా ఉన్న కర్రలు కోసేస్తే లోపల బోలెడు చోటనీ ఎవరైనా చెప్తారు. వినకు. ఆ అడ్డకర్రలు గోడల పైభాగాలను ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి. అవి తీసేస్తే వాసాలు గోడలను బయటికి తోస్తాయి. కప్పు లోపల ఎత్తు పెంచడం సాధ్యమే, దాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కకట్టి, ఆ కర్రల పని ఇంకోదానితో చేయించి ఇవ్వాలి. మేస్త్రీతో మాట్లాడి తేల్చుకునే విషయం కాదిది. మీ స్నేహితుల్లో ఎవరైనా ఇంకా ఇల్లు కట్టే దశలోనే ఉంటే మాత్రం గ్యారేజీకి 12 అడుగులు ఉంచుకోమని చెప్పు. కట్టేటప్పుడు అది చిన్న పని.

పొడవు, వెడల్పుల గురించి అంత దూరం రాయనక్కర్లేదు. ఇంటి వాడకానికి వచ్చే నాలుగు స్తంభాల లిఫ్ట్ సుమారు 9 అడుగుల వెడల్పు, 14 నుంచి 16 అడుగుల పొడవు ఉంటుంది. ర్యాంపులకు ఇంకో 3 అడుగులు. కొన్ని మోడళ్ళకు ర్యాంపులు తేలికైన అల్యూమినియంవి, ఎక్కించాక తీసి గోడకు ఆనించుకోవచ్చు. పొడవు తక్కువైతే అలాంటివే అడుగు. లిఫ్ట్ తలుపుకు మరీ దగ్గరగా ఉంటే ఇంకో ఇబ్బంది. ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పైకి లేస్తాయి, వెనకభాగం ఇంకా ద్వారం కిందే ఉంటుంది. ఎత్తైన కారుకు పైకప్పు ద్వారం పైకమ్మీని తాకుతుందేమో చూసుకోవాలి. బంపర్ కిందికున్న కారైతే ర్యాంపు వాలు దగ్గర గీసుకుంటుంది, దానికి పొడవైన ర్యాంపులు దొరుకుతాయి.

వెడల్పులో స్తంభాల మధ్య ఖాళీని అద్దాలతో సహా కారు వెడల్పుతో పోల్చు. స్తంభానికి తగిలించిన మోటారు పెట్టె ఒక అడుగు దాకా బయటికి పొడుచుకొస్తుంది, అది ఏ మూల ఉండాలో ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పాలి. బటన్ నొక్కేవాడికి రెండు కార్లూ, వాటి కింద నేలా కనిపించే మూల ఎంచుకో. డ్రైవర్ దిగే వైపు రెండు అడుగులకు తక్కువ కాకుండా వదిలి, లిఫ్టును అవతలి గోడ వైపు జరుపు. రెండు వైపులా సమానంగా వదిలితే రెండు వైపులా పనికిరాని సందులు మిగులుతాయి.

ఇదంతా కాగితం మీద అర్థం కాదు. పెయింటర్లు వాడే కాగితపు టేపు తెచ్చి, నాలుగు బేస్ ప్లేట్లూ, రన్‌వేలూ, ర్యాంపులూ నేల మీద అసలు సైజులో అతికించు. స్తంభాల చోట నాలుగు ఖాళీ అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చు. ఒక వారం రోజులు ఆ పెట్టెల మధ్యే కారు పెట్టి తీస్తూ ఉండు. అమ్మాయి చేత, అదే మీ ఆవిడ చేత కూడా నడిపించు. చేతిలో సంచులతో, నిద్రపోయే పిల్లవాణ్ణి ఎత్తుకుని దిగాల్సింది ఎక్కువగా తనే కదా. పెట్టెలు ఎన్నిసార్లు పడ్డాయో, వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్ళే దారి మిగిలిందో లేదో ఆ వారంలో తేలిపోతుంది.

నేల గురించి జాగ్రత్తగా చదువు. చాలా కంపెనీలు ఇంటి వాడకపు నాలుగు స్తంభాల లిఫ్టుకు కనీసం 4 అంగుళాల మందం, 3000 పీఎస్ఐ బలం, అంటే దాదాపు 20 మెగాపాస్కల్స్ ఉన్న కాంక్రీట్ అడుగుతాయి. నువ్వు కొనే మోడల్ మాన్యువల్లో ఏముంటే అదే ప్రమాణం. బరువు ఎలా పడుతుందో ఒకసారి ఊహించు. పైకారు 1800 కిలోలు, లిఫ్ట్ 900 కిలోలు అనుకుంటే మొత్తం 2700. నాలుగుతో భాగిస్తే 675. ఇంజను ముందున్న కారుకు ముందువైపు బరువెక్కువ కాబట్టి ఆ వైపు స్తంభాలు ఒక్కొక్కటీ 700 దాటి మోస్తాయి. అదంతా చిన్న ఇనుప పలక మీదుగా నేలలోకి దిగుతుంది. కింది కారు బరువు మళ్ళీ వేరే. కాంక్రీట్ కింద మట్టి కుంగి బోలుగా ఉంటే పైన పగుళ్ళు వస్తాయి. సుత్తితో మెల్లగా కొడుతూ వెళ్ళు. ఒకచోట చప్పుడు మారి డొల్లగా వినిపిస్తే అక్కడ స్తంభం రాకూడదు. మందం తెలియకపోతే స్తంభాలు వచ్చే చోట చిన్న రంధ్రం వేసి, లోపలికి వంచిన తీగ దించి అడుగు అంచుకు తగిలించి కొలవొచ్చు.

కానీ డ్రిల్లు పట్టే ముందే ఒకటి తెలుసుకోవాలి: అది పోస్ట్ టెన్షన్ స్లాబా కాదా. అలాంటి స్లాబుల్లో ఉక్కు తీగలు బాగా లాగి బిగించి ఉంటాయి, ఒకటి తెగితే చాలా ప్రమాదం. ఇంటి డ్రాయింగులు చూడు, లేకపోతే స్కాన్ చేయించు. నేలలో కరెంటు గొట్టాలో, వేడినీళ్ళ పైపులో ఉన్నా అదే స్కాన్‌లో తెలుస్తాయి. గ్యారేజీ కింద గది ఉంటే, అంటే నేల కింద మట్టి కాకుండా గాలి ఉంటే, ఇంజనీరు సంతకం లేకుండా లిఫ్ట్ మాటే ఎత్తకు. స్తంభాలు ఏవీ కాంక్రీట్ జాయింటు మీద గానీ, పగులు మీద గానీ రాకూడదు. అంచు నుంచి ఎంత దూరముండాలో మాన్యువల్ చెప్తుంది. కొత్తగా కాంక్రీట్ పోయిస్తే నీళ్ళు పెట్టి, 28 రోజులు ఆగి, ఆ తర్వాతే బరువు పెట్టు. వాలు సంగతి: కొద్దిపాటి వాలును బేస్ ప్లేట్ల కింద ఉక్కు షిమ్ములు, అంటే పల్చటి పలకలు, పెట్టి సరిచేస్తారు. మాన్యువల్ ఒప్పుకున్న వాలు దాటితే షిమ్ములతో సర్దుకోకూడదు, నేలనే సరిచేయించాలి. చెక్కముక్కలు పెడతానన్నవాణ్ణి గ్యారేజీలోకి రానివ్వకు.

కొన్ని లిఫ్టులకు అడుగున చక్రాలు తగిలించి జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. ఖాళీ లిఫ్టును జరపడానికే అది. పైన కారుండగా అంగుళం కూడా కదపకూడదు.

కరెంటు సులువే. చాలావాటికి సింగిల్ ఫేజ్ మోటారు సరిపోతుంది. దానికి వేరే లైను, వేరే బ్రేకరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. దగ్గర్లో అందరికీ అందే చోట మెయిన్ స్విచ్ ఒకటి, తాళం వేసుకునే వీలున్నది పెట్టించు. పిల్లలున్న ఇల్లు కాబట్టి దీన్ని ఖర్చు దండగ అనుకోకు. వేలు తీయగానే ఆగిపోయే బటన్ ఉన్న లిఫ్టే తీసుకో. నొక్కి వదిలేస్తే దానంతటదే పోయేది ఇంట్లో ఉండకూడదు. రిమోట్‌తో తెరుచుకునే తలుపు ఉంది కాబట్టి, లిఫ్ట్ కదులుతుండగా తలుపు కదలకుండా రెంటికీ ఇంటర్‌లాక్ పెట్టమని ఎలక్ట్రీషియన్‌ను అడుగు.

ఏ కారు పైన, ఏది కింద అన్నది నువ్వు రాయలేదు. రోజూ తీసేది కింద ఉండాలి, దాన్ని బయటికి తీస్తేనే పైది దిగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. లాకులు విడాలంటే ముందు లిఫ్ట్ పైకి లేవాలన్నాను కదా, కరెంటు లేకపోతే పంపు తిరగదు, పైకారు అక్కడే ఉండిపోతుంది. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే చేతికందేది కింద ఉన్న కారే. బరువు కూడా చూడు. ఇంటి లిఫ్టులు ఎక్కువగా 3 నుంచి 4 టన్నుల వరకు మోస్తాయి. రేపు ఎలక్ట్రిక్ కారు కొంటే బ్యాటరీ వల్లే అది రెండు టన్నులు దాటొచ్చు, కాబట్టి మోత సామర్థ్యం కాస్త ముందుచూపుతో తీసుకో. పాతకారు ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, తక్కువగా ఉంటే దాని చక్రాలు రెండు రన్‌వేల మీదా పూర్తిగా కూర్చుంటాయో లేదో కూడా కొలువు. పైకి వెళ్ళేదానికి హ్యాండ్‌బ్రేక్, గేర్, చక్రాలకు అడ్డుదిమ్మలు, మూడూ ఉండాలి. పాతకారు కాబట్టి నూనె చుక్కలు పడతాయి, రన్‌వేల మధ్య డ్రిప్ ట్రేలు అడుగు, లేకపోతే కొత్తదాని పెయింటు పాడవుతుంది. బ్యాటరీ చార్జర్ కోసం పైన ఒక ప్లగ్ పాయింట్ పెట్టించు, వైరు స్తంభాల్లో నలగకుండా సీలింగ్ నుంచి దించుకోవచ్చు.

ఇవన్నీ సరిపోయాకే కంపెనీ. ఉత్తర అమెరికాలో అమ్మేవాటికి ఏఎన్ఎస్ఐ/ఏఎల్ఐ ఏఎల్‌సీటీవీ అనే భద్రతా ప్రమాణం ఉంది (ఏఎల్ఐ అంటే అక్కడి లిఫ్టుల తయారీదారుల సంస్థ), దాని ప్రకారం పరీక్షించి సర్టిఫై చేసినవాటి మీద ఏఎల్ఐ బంగారు రంగు లేబుల్ ఉంటుంది. యూరప్‌లో ఈఎన్ 1493, సీఈ గుర్తు. కాగితం మీద "ప్రమాణాలకు అనుగుణంగా" అని రాసి ఉండటం వేరు, బయటి సంస్థ పరీక్షించిన సర్టిఫికెట్ ఉండటం వేరు. ఆ మోడల్ నంబరుతోనే సర్టిఫికెట్ చూపించమను. కేబుళ్ళు, పుల్లీలు, సీళ్ళు విడిగా దొరుకుతాయా, ఎక్కడి నుంచి పంపుతారు అని కూడా అడుగు. కేబుళ్ళు అరిగే వస్తువులు, కొన్నేళ్ళకు మార్చక తప్పదు. కొత్తలో అవి కాస్త సాగుతాయి కూడా, మొదటి వారాల్లో నాలుగు మూలలూ సమంగా లేస్తున్నాయా అని చూసి బిగింపు సరిచేయించాలి. ఆ తర్వాత ఏడాదికొకసారి తెలిసినవాడి చేత చూపించు. కేబుల్లో ఒక్క తీగ తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ రోజే వాడకం ఆపెయ్యి.

సామాను వచ్చే రోజుకు ఒక ఏర్పాటు. పెట్టె కొన్ని వందల కిలోలు ఉంటుంది, రన్‌వేలు నాలుగు మీటర్లకు పైనే. అవి లోపలికి వచ్చి తిరగడానికి, స్తంభాలు లేపి నిలబెట్టడానికి గ్యారేజీ ఖాళీగా ఉండాలి, అల్మారాలతో సహా. బిగించాక మొదటిసారి ఖాళీగానే పైకీ కిందికీ నడిపించు. ఆ తర్వాత తక్కువ బరువున్న కారుతో, ప్రతి అడుగుకూ ఆగి, నాలుగు లాకులూ పడ్డాయో లేదో నీ కళ్ళతో చూసుకుంటూ. లిఫ్ట్ కదిలేటప్పుడు పైకారులో మనిషి ఉండకూడదు, కింద మనిషి ఉండకూడదు, పిల్లవాడు అసలు గ్యారేజీలోనే ఉండకూడదు. నాలుగు లాకుల్లో ఒక్కటి పడకపోయినా లిఫ్ట్ ఒరుగుతుంది, అందుకే చప్పుడు విని ఊరుకోకుండా చూడమంటున్నాను.

అనుమతి కావాలో అక్కర్లేదో స్థానిక భవన నిబంధనల్లో చూసుకో. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకూ, కార్ల ఇన్సూరెన్స్ వాళ్ళకూ ముందే రాతపూర్వకంగా తెలియజెయ్యి. ప్రమాదం జరిగాక చెప్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎందుకు చెప్పలేదనే.

రెండు కార్ల ఎత్తు, పొడవు, అద్దాలతో వెడల్పు, బరువు, చక్రాల మధ్య దూరం, గ్యారేజీ నాలుగు మూలల ఎత్తు, దూలం అడుగు ఎత్తు, తలుపు తెరిచినప్పుడు దాని అడుగు అంచు ఎత్తు, నేల మందం. ఇవి రాసి పంపు. డ్రాయింగ్ నేను గీసి పంపుతాను, దాన్ని పెట్టుకుని నువ్వు కంపెనీలతో మాట్లాడొచ్చు. అక్కనూ బావనూ అడిగానని చెప్పు. అమ్మాయికీ పిల్లవాడికీ నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య